గృహ శీతల, తాపన సాధనాల నిర్వహణ

ఇంట్లో గాలిని చల్లబరచే ఏసీలు, ఎయిర్ కూలర్లు, హాయినిచ్చే ఫ్యాన్లు, నీళ్లు కాచే గీజర్లు, సోలార్ హీటర్లు, చలి ప్రాంతాల్లో గదిని వెచ్చబరచే హీటర్లు సక్రమంగా, భద్రంగా, తక్కువ కరెంటుతో పనిచేసేందుకు క్రమం తప్పకుండా చేసే శుభ్రత, తనిఖీ, చిన్నపాటి మరమ్మతులనే గృహ శీతల, తాపన సాధనాల నిర్వహణ అంటారు. చెడిపోయాక చేసే బాగుచేత వేరు, చెడిపోకముందే చేసే ఈ పని వేరు. వాడుకలో దీన్ని సర్వీసింగ్ అంటున్నా, మెకానిక్ ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి చేసేది అందులో కొంత మాత్రమే. మిగిలింది ఇంట్లోవాళ్లు వారం వారం, నెల నెలా చేసుకోదగిన పని.

ఈ సాధనాలు చూడటానికి వేర్వేరుగా ఉన్నా అన్నిటి పనీ వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేయడమే. ఏసీ గదిలోని వేడిని వీధిలోకి చేరుస్తుంది. కూలర్ గాలిలోని వేడిని నీటికిచ్చి ఆవిరి చేస్తుంది. గీజర్ ఎలిమెంట్‌లోని వేడిని నీటికి అందిస్తుంది. ఈ దారికి అడ్డుపడేవి ముఖ్యంగా మూడు: గాలిలోని దుమ్ము, నీటిలోని లవణాలతో ఏర్పడే గార, లోహాన్ని తినేసే తుప్పు. ఇళ్లలో ఎదురయ్యే లోపాల్లో చాలా భాగం ఈ మూడింటితోనే మొదలవుతాయి. అందుకే ఏ సాధనం విషయంలోనైనా నిర్వహణ అంటే మొదట గాలి, నీరు, వేడి నడిచే దారులను తెరిపిగా ఉంచడం.

ప్రాంతం, వాతావరణం

ఏ సాధనానికి ఏ బెడద ఎక్కువో అది ఉన్న చోటును బట్టి తేలుతుంది. తెలంగాణ, రాయలసీమల్లో వేసవి పొడిగా, దుమ్ముగా ఉంటుంది. అక్కడ ఫిల్టర్లు, కూలర్ ప్యాడ్లు త్వరగా మూసుకుపోతాయి. విశాఖపట్నం నుంచి నెల్లూరు దాకా కోస్తాలో ఉక్కపోత ఎక్కువ. గాలిలోని ఉప్పు రేణువులు ఏసీ బయటి యూనిట్‌ను కొరికేస్తాయి. బోరు నీళ్ల మీద ఆధారపడ్డ హైదరాబాద్ కాలనీల్లో గీజర్లకు గార పెద్ద సమస్య. చలికాలంలో ఉష్ణోగ్రత బాగా పడిపోయే ఆదిలాబాద్ జిల్లా, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి వంటి చోట్ల తప్పిస్తే తెలుగు రాష్ట్రాల్లో గదిని వెచ్చబరచే అవసరం తక్కువ. కనుక ఇక్కడ తాపన సాధనం అంటే ప్రధానంగా స్నానానికి నీళ్లు కాచే సాధనమే.

ఏసీ పనిచేసే తీరు

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని వేడిని తోడి బయట పారబోస్తుంది. ఈ పని చేసేది రాగి గొట్టాల్లో తిరిగే శీతలకం. వాడుకలో దాన్నే గ్యాస్ అంటారు. గది లోపలి కాయిల్‌లో అది తక్కువ పీడనంలో మరిగి గదిలోని వేడిని పీల్చుకుంటుంది. బయటి యూనిట్‌లోని కంప్రెసర్ దాన్ని నొక్కి బాగా వేడెక్కిస్తుంది. బయటి కాయిల్‌లో ఆ వేడిని వీధిగాలికి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. సన్నటి గొట్టం గుండానో, వాల్వు గుండానో పీడనం తగ్గి మళ్లీ లోపలి కాయిల్‌కు చేరుతుంది. బయట 42 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు బయటి కాయిల్ అంతకంటే వేడిగా ఉంటేనే వేడి బయటికి పోతుంది. ఆ కాయిల్ మీద దుమ్ము పట్టిందంటే కంప్రెసర్ మరింత గట్టిగా నొక్కాలి, మరింత కరెంటు తాగాలి.

ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడి ఆధారంగా ఏసీ సామర్థ్యాన్ని టన్నుల్లో చెబుతారు. ఒక టన్ను సుమారు 3.5 కిలోవాట్లకు సమానం. 1.5 టన్నుల ఏసీ పూర్తి సామర్థ్యంతో నడిచినప్పుడు గది నుంచి 5 కిలోవాట్లకు పైగా వేడిని తోడుతుంది. దానికి తాను వాడుకున్న కరెంటు కూడా వేడిగా మారి కలవడంతో బయటి యూనిట్ వదిలించుకోవాల్సిన వేడి దాదాపు 7 కిలోవాట్లు. బయటి యూనిట్‌కు గాలి ఎంత ధారాళంగా అందాలో ఈ లెక్కే చెబుతుంది.

చల్లని లోపలి కాయిల్‌ను తాకిన గాలిలోని తేమ నీటిబొట్లుగా మారుతుంది. 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం ఇంజినీరు విల్లిస్ క్యారియర్ రూపొందించిన తొలినాటి ఏసీ యంత్రం అసలు ఉద్దేశం కూడా గాలిలో తేమను అదుపు చేసి కాగితం సాగకుండా చూడటమే. ఉక్కపోత రోజుల్లో 1.5 టన్నుల ఏసీ నుంచి గంటకు లీటరు పైగా నీరు రావచ్చు. ఆ నీరు సాఫీగా బయటికి పోయేలా చూడటం నిర్వహణలో ముఖ్య భాగం.

ఫిల్టర్ శుభ్రత

ఏసీ నిర్వహణలో అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఫిల్టర్‌ను కడగడం. గది గాలి మొత్తం ఈ వల గుండానే కాయిల్‌కు చేరుతుంది. వల మూసుకుపోతే గాలి తగ్గుతుంది, గది చల్లబడటానికి ఎక్కువసేపు పడుతుంది. మరీ ముదిరితే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. ఏసీని రోజూ వాడే వేసవిలో రెండు వారాలకోసారి, రోడ్డు పక్క ఇళ్లలో, నిర్మాణ పనులు జరుగుతున్న చోట వారానికోసారి ఫిల్టర్ కడగడం మంచిది.

ముందు రిమోట్‌తో ఏసీ ఆపి, గోడ మీది స్విచ్ కూడా కట్టేయాలి. ఇన్‌డోర్ యూనిట్ ముందు తలుపును రెండు పక్కలా పట్టుకుని పైకి లేపితే ఫిల్టర్లు కనిపిస్తాయి. వాటిని కొద్దిగా పైకెత్తి, కొక్కెం విడిపించి కిందికి లాగాలి. పైపైన ఉన్న దుమ్మును మెత్తని బ్రష్‌తో దులిపాక, కుళాయి ధారను దుమ్ము లేని వైపు నుంచి, అంటే వల వెనక నుంచి పట్టాలి. ముందు నుంచి పడితే దుమ్ము వల కన్నాల్లోకి ఇంకా కూరుకుపోతుంది. వంటింటి జిడ్డు పట్టి ఉంటే గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బు కలిపి నానబెట్టవచ్చు. మరిగే నీళ్లు పోసినా, ఎండలో ఆరేసినా ప్లాస్టిక్ వంకరపోతుంది. నీడలో పూర్తిగా ఆరిన తర్వాతే తిరిగి బిగించాలి. తడి ఫిల్టర్ బూజుకు తావిస్తుంది. వాసన పట్టే కార్బన్ ఫిల్టర్ల వంటి అదనపు ఫిల్టర్లు కొన్ని మోడళ్లలో ఉంటాయి. వాటిలో నీటితో కడగకూడనివీ ఉంటాయి కనుక కంపెనీ పుస్తకం చూసి చేయాలి.

కాయిల్, బ్లోయర్, నీటి గొట్టం

ఫిల్టర్‌ను దాటిపోయిన సన్నటి దుమ్ము లోపలి కాయిల్ రేకుల మధ్య, వాటి వెనక గుండ్రంగా తిరిగే బ్లోయర్ రెక్కల మీద చేరుతుంది. అక్కడ ఎప్పుడూ తడి ఉండటం వల్ల అది బురదలా గట్టిపడి బూజు పడుతుంది. ఏసీ వేయగానే ముక్కుకు తగిలే ముక్క వాసన చాలాసార్లు దీనివల్లే. బ్లోయర్ రెక్కల వంపుల్లో దుమ్ము నిండితే మోటారు అదే వేగంతో తిరుగుతున్నా గాలి సగానికి సగం రాదు. దీన్ని తీసేందుకు చేసేదే వాటర్ సర్వీస్. మెకానిక్ యూనిట్ కింద సంచి కట్టి, సర్క్యూట్ బోర్డు తడవకుండా కప్పి, జెట్ పంపుతో కాయిల్‌ను, బ్లోయర్‌ను కడుగుతాడు. అల్యూమినియం రేకులు కాగితంలా పలచగా ఉంటాయి. ధార రేకుల వెంట నిటారుగా పడాలి గానీ అడ్డంగా పడితే వంగిపోతాయి. ఏడాదికి రెండుసార్లు, వేసవికి ముందొకటి, వానాకాలం తర్వాతొకటి, ఈ సర్వీస్ చేయించడం సాధారణ ఇళ్లకు సరిపోతుంది.

ఇన్‌డోర్ యూనిట్ నుంచి గోడ మీదుగా నీళ్లు కారడం చాలా ఇళ్లలో కనిపించే ఫిర్యాదు. కాయిల్ కింది తొట్టిలో దుమ్ము, పాచి కలిసి జిగటగా మారి నీటి గొట్టం నోటిని మూసేయడమే దీనికి ముఖ్య కారణం. గొట్టం బయటి కొస బకెట్ నీటిలో మునిగి ఉన్నా, మధ్యలో పైకి వంపు తిరిగినా, యూనిట్ మట్టంగా లేకపోయినా ఇదే జరుగుతుంది. గొట్టం మొదటి నుంచి చివరిదాకా కిందికే వాలుగా ఉండాలి. సర్వీస్ సమయంలో తొట్టిలో నీరు పోసి, బయటి కొస నుంచి ధార ఆగకుండా వస్తున్నదో లేదో చూస్తే సరిపోతుంది.

బయటి యూనిట్

డాబా మీదో, బాల్కనీలోనో, గోడ బ్రాకెట్ మీదో ఉండే బయటి యూనిట్ అందరి కంటికీ దూరంగా ఉండి, అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురవుతుంది. దాని వెనక, పక్కన గాలి పీల్చుకోవడానికి, ముందు వేడిగాలి వదలడానికి ఖాళీ ఉండాలి. ఎండ తగలకూడదని చుట్టూ రేకులు, తెరలు బిగిస్తే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చి కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతుంది. నీడ కల్పించాలంటే పైన కప్పు మాత్రమే, అదీ గాలికి అడ్డు రాకుండా వేయాలి. నగరాల్లో బయటి యూనిట్ల వెనక పావురాలు గూళ్లు పెడతాయి, ఎలుకలు తీగలు కొరుకుతాయి. బల్లులు సర్క్యూట్ బోర్డు మీదికి చేరి షార్ట్ సర్క్యూట్‌కు కారణమవుతాయి. చెత్త తీసేయడం, తీగలు పోయే రంధ్రాలను మూయడం వీటికి తేలికైన విరుగుడు.

సముద్రానికి దగ్గరలో ఉప్పుగాలి వల్ల రేకులు తెల్లగా పొడిపొడిగా రాలిపోతాయి, బ్రాకెట్లు, బోల్టులు తుప్పు పడతాయి. రేకులకు రక్షణ పూత ఉన్న యూనిట్లు కొంత మెరుగు. పూత ఉన్నా లేకపోయినా తీరప్రాంతాల్లో బయటి కాయిల్‌ను మంచినీటితో తరచూ కడిగితే ఉప్పు పేరుకోదు. మురుగు కాలువల పక్క ఇళ్లలో గంధక వాయువులు రాగిని నల్లబరచి సన్నటి రంధ్రాలు పెడతాయి. అలాంటిచోట యూనిట్‌ను వీలైనంత ఎత్తున, కాలువకు దూరంగా పెట్టడమే మందు. గోడ బ్రాకెట్ బోల్టులను ఏటా బిగించి చూడాలి. అంతస్తుల మీది నుంచి యూనిట్ జారితే కింద నడిచేవారి ప్రాణాలకే ముప్పు.

గ్యాస్

ఏసీ గ్యాస్ గురించి ఉన్నంత అపోహ మరే భాగం గురించీ లేదు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అతికిన గొట్టాల్లో చుట్టూ తిరుగుతూ ఏళ్ల తరబడి అంతే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఏటా సర్వీస్‌తో పాటు గ్యాస్ నింపించుకోవాల్సిన పని లేదు. కారే చోటు వెతక్కుండా పైపైన నింపితే కొన్ని నెలల్లో మళ్లీ అదే కథ.

సరైన పద్ధతిలో ముందు గొట్టాల అతుకుల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు, లేదా నైట్రోజన్ ఎక్కించి పీడనం నిలుస్తుందో లేదో పరీక్షిస్తారు. కారే చోటును బాగుచేసి, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను లాగేస్తారు. ఆ తర్వాత యూనిట్ మీది పట్టీలో రాసిన బరువు ప్రకారం తూకం వేసి గ్యాస్ ఎక్కిస్తారు. వాక్యూమ్ చేయకుండా నింపితే లోపల మిగిలిన తేమ నూనెను పాడుచేసి కంప్రెసర్ ఆయుష్షు తగ్గిస్తుంది. ఇళ్ల ఏసీల్లో ఉండే గ్యాస్ చాలావరకు కిలోకు అటూఇటూ మాత్రమే. వంద గ్రాముల తేడా కూడా పనితీరు మీద కనిపిస్తుంది.

పాత ఏసీల్లో ఆర్-22, తర్వాతి వాటిలో ఆర్-410ఎ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-32, కొన్నిటిలో ప్రొపేన్ అయిన ఆర్-290 వాడతారు. ఒకదాని బదులు మరొకటి నింపకూడదు, రెండింటిని కలపకూడదు. ఆర్-32 కొద్దిగా, ఆర్-290 బాగా మండే స్వభావం ఉన్నవి కనుక వాటి దగ్గర మంటతో పని చేసేముందు గ్యాస్ పూర్తిగా తీసి, గది తలుపులు తెరవాలి. పీడన పరీక్షకు నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడటం అత్యంత ప్రమాదకరం. కంప్రెసర్ నూనెతో కలిసి అది పేలుతుంది.

విద్యుత్ భాగాలు

ఏసీకి ప్రత్యేకంగా లాగిన లైను, తగిన మందం గల తీగ, కరెంటు మితిమీరితే లైను తెంచే తగిన ఎంసీబీ, నమ్మకమైన ఎర్తింగ్ ఉండాలి. ప్లగ్ వేలితో తాకితే వేడిగా అనిపించడం, సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ పడటం, కాలిన వాసన రావడం అంటే లోపలి పట్టు వదులైందని అర్థం. వెంటనే వాడకం ఆపి మార్పించాలి. వోల్టేజీ బాగా ఒడుదుడుకులయ్యే పల్లెల్లో, శివారు కాలనీల్లో స్టెబిలైజర్ అవసరం. మామూలు ఏసీల్లో కంప్రెసర్‌ను కదిలించే కెపాసిటర్ వేడికి ఉబ్బి బలహీనపడుతుంది. కంప్రెసర్ మూలిగి ఆగిపోవడం దాని గుర్తు. కంప్రెసర్ వేగాన్ని అవసరం మేరకు మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ బోర్డులోని కెపాసిటర్లలో స్విచ్ కట్టేశాక కూడా కొన్ని నిమిషాల పాటు కరెంటు నిల్వ ఉంటుంది. కనుక మూత తీసే పని శిక్షణ పొందినవారికే వదిలేయాలి.

ఏసీ బాగోగులు తెలుసుకునే తేలిక పరీక్ష ఒకటుంది. పావుగంట నడిచాక ఏసీ లోపలికి పీల్చే గాలి, బయటికి వదిలే గాలి ఉష్ణోగ్రతలు థర్మామీటర్‌తో కొలిస్తే సాధారణంగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. తేడా తక్కువై గాలి బాగా వస్తుంటే గ్యాస్‌నో, బయటి కాయిల్‌నో అనుమానించాలి. గాలే రాకపోతే ఫిల్టర్, బ్లోయర్ చూడాలి. లోపలి కాయిల్ మీద మంచు కడితే కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో నడిపి కరగనివ్వాలి. గీకి తీయడానికి ప్రయత్నిస్తే గొట్టం చిల్లు పడుతుంది.

ఎయిర్ కూలర్

కూలర్ పని నీటి ఆవిరి మీద నడుస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని అది గాలి నుంచే తీసుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే కూలర్ అంత చల్లబరుస్తుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే నీటి ఆవిరితో గాలిని దాదాపు 24 డిగ్రీల దాకా దించే వీలుంది. 36 డిగ్రీలే ఉన్నా తేమ 60 శాతమైతే 29 డిగ్రీల కంటే కిందికి దించడం సాధ్యం కాదు. కర్నూలులో, నిజామాబాద్‌లో హాయినిచ్చే కూలర్ కాకినాడలో ఉక్క పెంచడానికి కారణం ఇదే. తడిసిన గాలి బయటికి పోవడానికి కిటికీ తెరిచి ఉంచకపోతే పొడి ప్రాంతంలో కూడా కూలర్ పనిచేయదు. గుమ్మాలకు, కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లే పాత పద్ధతిది కూడా ఇదే సూత్రం.

నీరు ఆవిరైనా దానిలోని లవణాలు ప్యాడ్ల మీదే మిగులుతాయి. గడ్డి ప్యాడ్లు ఒకటి రెండు వేసవులకు కుంగి, ముక్క వాసన వేస్తాయి. ఏటా సీజన్‌కు ముందు మార్చడం మేలు. తేనెపట్టు ఆకారంలో ఉండే కాగితపు ప్యాడ్లు కొన్నేళ్లు నిలుస్తాయి గానీ వాటి సందుల్లో తెల్లటి గార నిండుతుంది. మెత్తని బ్రష్‌తో నీటి ధార కింద కడగాలి. తొట్టిలో నీరు రోజూ కలుపుతూ పోతే లవణాల గాఢత పెరుగుతూనే ఉంటుంది. కనుక వారానికోసారి మొత్తం ఖాళీ చేసి కొత్త నీరు నింపాలి. పంపు జల్లెడ, ప్యాడ్ల మీదికి నీరు పంచే సన్నటి రంధ్రాలు మూసుకుపోలేదని చూడాలి. ఒకవైపు ప్యాడ్ పొడిగా ఉందంటే ఆ పక్క నుంచి వేడిగాలి నేరుగా గదిలోకి వస్తున్నట్టే.

వారం గడువుకు ఇంకో కారణం కూడా ఉంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఎక్కువగా నిల్వ ఉన్న శుభ్రమైన నీటిలో పెరుగుతుంది. మన వేసవి వేడిలో గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. దాని గుడ్లు తొట్టి గోడలకు, నీటి అంచున అంటుకుని ఉంటాయి. నీరు పారబోసినా అవి నెలల తరబడి ఎండిపోకుండా బతుకుతాయి. అందుకే తొట్టి గోడలను గట్టి బ్రష్‌తో రుద్ది కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి. వేసవి ముగిశాక నీరు ఉంచేసి కూలర్‌ను డాబా మీద వదిలేస్తే వానాకాలంలో అదే దోమల తొట్టి అవుతుంది. ఇనుప కూలర్లలో నీరు చేరిన బాడీకి కరెంటు తగిలే ప్రమాదం ఉంది కనుక ఎర్తింగ్ తప్పనిసరి. నీళ్లు పోసేటప్పుడు, తుడిచేటప్పుడు ప్లగ్ తీసేయాలి.

ఫ్యాన్లు

ఫ్యాన్ గాలిని చల్లబరచదు. ఒంటి మీది చెమటను ఆరనిచ్చి హాయినిస్తుంది. రెక్కల అంచున పేరుకున్న జిడ్డు దుమ్ము గాలిని తగ్గిస్తుంది, బరువు తేడా వచ్చి ఫ్యాన్ ఊగుతుంది. నెలకోసారి తడిగుడ్డతో తుడవాలి. ఒక చేత్తో రెక్కను కింద నుంచి ఆనించి తుడిస్తే వంగదు. ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ఎక్కువసార్లు కెపాసిటర్ బలహీనపడినట్టు, గరగరమంటే బేరింగులు అరిగినట్టు. కప్పు కొక్కేన్ని, రాడ్డు పిన్నును ఏటా ఒకసారైనా చూడటం ప్రాణరక్షణకు సంబంధించిన పని. ఏసీ గదిలో ఫ్యాన్ మెల్లగా వేస్తే చల్లదనం గదంతా సమంగా పరుచుకుంటుంది, ఏసీని రెండు డిగ్రీలు ఎక్కువకు పెట్టుకోవచ్చు.

గీజర్లు, ఇతర నీటి హీటర్లు

నిల్వ గీజర్లలో సాధారణంగా 2,000 వాట్ల ఎలిమెంట్ ఉంటుంది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు కాచడానికి దానికి సుమారు 16 నిమిషాలు, అర యూనిట్ కరెంటు పడతాయి. కఠిన జలాన్ని వేడిచేసినప్పుడు అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్‌గా ఎలిమెంట్ మీద పేరుకుంటుంది. ఆ గార కింద చిక్కుకున్న ఎలిమెంట్ తన వేడిని నీటికి వదలలేక తానే ఎర్రబడి చివరికి కాలిపోతుంది. రాలిన పెచ్చులు ట్యాంకు అడుగున చేరి టపటప శబ్దం చేస్తాయి, వేడి నీళ్ల దారిని తగ్గిస్తాయి. ఉష్ణోగ్రత ఎంత పెంచితే గార అంత త్వరగా కడుతుంది.

ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ఉక్కు ట్యాంకు బదులు తాను తుప్పు పట్టి కరిగిపోవడమే దాని పని. కడ్డీ సగానికి పైగా కరిగినా, లోపలి తీగ బయటపడినా మార్చాలి. లేకుంటే తుప్పు ట్యాంకు గోడల మీదికి మళ్లుతుంది. కారడం మొదలైన ట్యాంకుకు మరమ్మతు లేదు, గీజర్ మార్చాల్సిందే. తక్కువ ఖర్చుతో అయ్యే ఈ కడ్డీ మార్పును చాలామంది చేయించరు. గీజర్లు అకాలంగా పోవడానికి ఇదొక పెద్ద కారణం. బోరు నీళ్ల ఇళ్లలో ఏటా ఒకసారి కరెంటు, నీరు ఆపి, ట్యాంకు ఖాళీ చేయించి, ఎలిమెంట్ గార తీయించి, కడ్డీ చూపించుకోవాలి.

గీజర్‌కు మూడు రక్షణలుంటాయి: నీరు కాగగానే ఆపే థర్మోస్టాట్, అది పనిచేయకపోతే కరెంటు తెంచే థర్మల్ కటౌట్, పీడనం పెరిగితే నీటిని వదిలే సేఫ్టీ వాల్వు. నీరు వేడెక్కి వ్యాకోచించినప్పుడు వాల్వు నుంచి కొన్ని చుక్కలు కారడం సహజం. అది లీకేజీ అనుకుని వాల్వును మూయడం ట్యాంకు పేలుడుకు దారితీస్తుంది. ట్యాంకులో నీరు లేకుండా స్విచ్ వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది. ఎర్తింగ్, కరెంటు లీకైతే లైను తెంచే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో కూడా స్నానానికి ముందు స్విచ్ కట్టేయడం మంచి అలవాటు.

గ్యాస్ గీజర్‌ది వేరే ప్రమాదం. గాలి చాలని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది కనుక మనిషి తెలియకుండానే స్పృహ కోల్పోతాడు. గ్యాస్ గీజర్‌ను స్నానాల గది బయట, గాలి ఆడే చోట బిగించాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగితే బర్నర్ శుభ్రం చేయించేదాకా వాడకూడదు.

సోలార్ హీటర్ల గాజు గొట్టాల మీది దుమ్మును పొడి కాలంలో నెలకోసారి, ఎండ ఎక్కకముందే కడగాలి. కాగిన గాజు మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. లోపలి గారను, ట్యాంకు అడుగున చేరిన మట్టిని ఏటా తీయించాలి. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో బకెట్‌లో వేసే హీటర్ రాడ్డే ఆధారం. రాడ్డు మీది గుర్తు దాకా నీరుండాలి, బకెట్ ప్లాస్టిక్‌ది కావాలి, ప్లగ్ తీయనిదే నీటిని తాకకూడదు. గార కట్టిన రాడ్డును నిమ్మరసమో, వెనిగరో కలిపిన నీటిలో చల్లగా ఉన్నప్పుడు నానబెట్టి తుడవవచ్చు. చీలికలు కనిపిస్తే పారేయాలి.

గది హీటర్లు, కేంద్రీకృత వ్యవస్థలు

మన్యంలో, ఆదిలాబాద్ ప్రాంతంలో వాడే చిన్న హీటర్ల విషయంలో దుమ్ము దులపడం, పరదాలకు, పరుపులకు దూరంగా పెట్టడం, ఎక్స్‌టెన్షన్ బోర్డు బదులు గోడ సాకెట్‌కు నేరుగా కలపడం ముఖ్యం. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోవడం గ్యాస్ గీజర్ లాగే ప్రాణాంతకం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో వ్యవస్థ వేరు. ఇల్లంతటికీ ఒకే ఫర్నేస్ లేదా హీట్ పంప్, ఒకే ఏసీ ఉండి, గాలి గొట్టాల ద్వారా గదులకు చేరుతుంది. అక్కడ ఇంటివారి ముఖ్య బాధ్యత ఫిల్టర్ మార్చడం. ఒక అంగుళం మందం ఫిల్టర్‌ను సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లో మారుస్తారు. ఫిల్టర్ మీది బాణం గుర్తు గాలి పోయే దిశకు ఉండాలి. గ్యాస్ ఫర్నేస్‌లో మంటకూ ఇంటి గాలికీ మధ్య ఉండే లోహపు గోడ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వస్తుంది. కనుక చలికాలానికి ముందు ఏటా తనిఖీ, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం అవసరం. హీట్ పంప్ బయటి యూనిట్ చుట్టూ పేరుకున్న మంచును, ఆకులను తొలగిస్తూ ఉండాలి.

పని విభజన, వార్షిక ఒప్పందాలు

ఫిల్టర్ కడగడం, కూలర్ తొట్టి రుద్దడం, ఫ్యాన్ తుడవడం, బయటి యూనిట్ చుట్టూ చెత్త తీయడం, ప్లగ్‌లు చూసుకోవడం ఇంటివారి పనులు. కాయిల్ జెట్ సర్వీస్, గ్యాస్ పని, సర్క్యూట్ బోర్డు, గీజర్ లోపలి భాగాలు, ఎత్తున ఉన్న యూనిట్ పని మెకానిక్‌వి. వార్షిక నిర్వహణ ఒప్పందాలు రెండు రకాలు: సర్వీస్, కూలి మాత్రమే ఇచ్చేవి, విడిభాగాలు కూడా కలిపి ఇచ్చేవి. సంతకం చేసేముందు కంప్రెసర్, సర్క్యూట్ బోర్డు, గ్యాస్ అందులో ఉన్నాయో లేవో, ఏడాదికి ఎన్ని వాటర్ సర్వీసులో చూసుకోవాలి. ఏ తేదీన ఏం చేయించారు, ఏ భాగం మార్చారు అన్నది ఒక పుస్తకంలో రాసుకుంటే తర్వాతి మెకానిక్‌కు లోపం పట్టుకోవడం తేలికవుతుంది.

ఋతువుల వారీ క్రమం

ఫాల్గుణంలో, ఎండలు ముదరకముందే ఏసీ వాటర్ సర్వీస్, కూలర్ ప్యాడ్ల మార్పు, ఫ్యాన్ల తనిఖీ ముగించుకోవాలి. రోహిణి కార్తె దగ్గరపడ్డాక మెకానిక్‌లు దొరకడం కష్టం, హడావిడిలో చేసే పని నాసిరకంగా ఉంటుంది. వేసవంతా ఫిల్టర్, కూలర్ తొట్టి శుభ్రత వారం, పక్షం వారీగా సాగాలి. మృగశిర కార్తెతో వానలు మొదలయ్యాక కూలర్‌ను ఆరబెట్టి మూయాలి. ఏసీలో తేమ తగ్గించే డ్రై మోడ్ వాడటం, ఉరుములు మెరుపులప్పుడు ప్లగ్ తీయడం ఈ కాలపు జాగ్రత్తలు. వానలు వెనకబట్టాక రెండో ఏసీ సర్వీస్, కార్తీకానికి ముందే గీజర్ గార, కడ్డీ, వాల్వు తనిఖీ చేయించాలి. చలికాలంలో ఏసీని పక్కన పెట్టేముందు కొంతసేపు ఫ్యాన్ మోడ్‌లో నడిపి కాయిల్ ఆరనిస్తే బూజు పట్టదు.

కరెంటు, పర్యావరణం

2001 నాటి ఇంధన సంరక్షణ చట్టం కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006లో స్టార్ గుర్తుల పథకాన్ని మొదలుపెట్టింది. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్ ఉష్ణోగ్రతతో రావడం తప్పనిసరైంది. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఆ సంస్థ అంచనా. అయితే స్టార్ గుర్తు శుభ్రమైన కొత్త యంత్రానికి ఇచ్చినది. దుమ్ము పట్టిన ఐదు స్టార్ల ఏసీ ఆ పేరు నిలబెట్టుకోలేదు.

గాలిలోకి కారిన గ్యాస్ నష్టం ఇంటితో ఆగదు. ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాన్ని క్రమంగా తొలగిస్తున్నారు. ఆర్-410ఎ ఓజోన్ జోలికి పోదు గానీ నూరేళ్ల లెక్కన భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే 2,000 రెట్లకు పైగా, ఆర్-32 సుమారు 675 రెట్లు పెంచుతాయి. ఇలాంటి వాయువులను తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది. 2019లో ప్రకటించిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక సర్వీస్ టెక్నీషియన్ల శిక్షణను ముఖ్య లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకుంది. ఏసీని మార్చేటప్పుడు, తీసేసేటప్పుడు గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తిరిగి పట్టించడం, అతుకులు కారకుండా బిగించడం, యంత్రాన్ని దాని పూర్తి ఆయుష్షు దాకా వాడటం ఇంటి నిర్వహణలో భాగమైన పర్యావరణ బాధ్యతలు.